కానరాని అక్షరం, కానవచ్చిన నింద

ఈసారి టపా ఛందస్సును గూర్చి కాదు, సంధులను గూర్చి అంతకన్నా కాదు. ఒక షెల్ స్క్రిప్టులోకి నా చేతి మీదుగా చొరబడిన ఒక అక్షరాన్ని గూర్చి. తెలుగు పండితుడికి షెల్ స్క్రిప్టుతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. తెరమీద తెలుగు అక్షరం డబ్బాలుగా కాక అక్షరంగా కనబడితే పండుగ చేసుకున్న రోజుల నుంచి మనమంతా ఒకరినొకరం ఎరిగినవాళ్ళం. మీ ముందు తెలియనితనాన్ని దాచుకోవలసిన అవసరం నాకు లేదు. పైగా ఈ కథలో నేను చేసిన తప్పు కంప్యూటరుకు మాత్రమే సంబంధించినది కాదు. ఒక మనిషిని అకారణంగా నిందించాను. ఆ సంగతి వ్రాసుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు.

ఒక మనవి. ఈ పుటలో తెలుగు లిపి తప్ప మరొకటి వాడనని పెట్టుకున్న నియమాన్ని ఇవాళ కూడా సడలించడం లేదు. కాబట్టి కంప్యూటరుకిచ్చే ఆజ్ఞలను సైతం తెలుగులోనే పలికిస్తాను. ఆ విద్య తెలిసినవారు వాటిని మనసులోనే ఇంగ్లీషులోకి మార్చుకుందురు గాక.

కథకు మూలం 1994లో ఉంది. పార్వతీపురం వైపు ఒక పల్లె బడిలో తొమ్మిదో తరగతి వ్యాసాలు దిద్దుతున్నాను. ఒక పిల్లవాడు 'మా ఊరి గెడ్డ' అని వ్రాశాడు. నేను గెడ్డను ఎర్రసిరాతో కొట్టివేసి, పైన 'వాగు' అని వ్రాసి, అరమార్కు తగ్గించాను. ఆ పిల్లవాడు కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మా ఊళ్ళో ఉన్నది గెడ్డేనండి. వాగు ఎక్కడని అడిగితే ఎవరూ దారి చూపించరండి" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరమార్కు వెనక్కి ఇచ్చానో లేదో గుర్తు లేదు గాని, ఆ సాయంత్రం ఒక చీటీ మీద 'గెడ్డ' అని వ్రాసి, అర్థం వ్రాసి, ఖాళీ బిస్కట్ల డబ్బాలో వేశాను. అది మొదటి చీటీ. బుగత, కంబారి, గుంటడు, గరువు, ఒగ్గేయడం. అంతకు ముందు పదేళ్ళుగా పిల్లల వ్యాసాల్లో నేను కొట్టివేస్తూ వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే ఆ డబ్బాలోకి చేరాయి. ఉద్యోగ విరమణ నాటికి నాలుగు వేల పైచిలుకు చీటీలు, మూడు డబ్బాలు అయ్యాయి.

ఆ పిల్లవాడు ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు చీటీలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టానని ఫోనులో చెబితే, "మాస్టారూ, ఒక్క కంప్యూటరునే నమ్ముకోకండి. గిట్‌లో పెడదాం" అన్నాడు. గిట్ అంటే లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ పని కోసం తయారుచేసిన వ్యవస్థ. ఒక రచనకు కాలక్రమాన ఎన్ని ప్రతులు పుట్టాయో, ఏ ప్రతిలో ఎవరు ఏ వరుసను ఎందుకు మార్చారో అన్నీ గుర్తుంచుకుంటుంది. తాళపత్ర గ్రంథాల పాఠాంతరాలు పోల్చి చూడడానికి మా గురువుగారు పడిన పాట్లు కళ్ళారా చూసినవాణ్ణి గనుక ఆ వ్యవస్థ నాకు ఇట్టే నచ్చింది. పాఠపరిష్కర్తకు ఇంతకన్నా ఏమి కావాలి?

ఏర్పాటు ఇదీ. నేను మా ఇంట్లో విండోస్ కంప్యూటరులో కొత్త మాటలు చేర్చి గిట్‌లోకి పంపుతాను. శిష్యుడు తన ఖర్చుతో అద్దెకు తీసుకున్న ఒక లినక్స్ యంత్రం ప్రతి రాత్రీ వాటిని తెచ్చుకుని, నలభైమూడు వరుసల ఒక చిన్న షెల్ స్క్రిప్టును నడుపుతుంది. షెల్ స్క్రిప్టు అంటే వరుసకొక ఆజ్ఞ చొప్పున వ్రాసి ఉంచిన పనుల పట్టిక. అది నా మాటలను అకారాది క్రమంలో పేర్చి 'వరుస' అనే ఫైలులో వ్రాస్తుంది, నిల్వ కోసం ఒక నకలు తీసి వేరే ఫోల్డరులో పెడుతుంది. ఆ తరువాత ఇంకొక ప్రోగ్రాము ఆ 'వరుస' ఫైలును చదివి అచ్చుకు తగిన పుటలు కడుతుంది. స్క్రిప్టులో అక్కడక్కడ శిష్యుడు నా కోసం తెలుగులో వ్యాఖ్యలు వ్రాశాడు, ఏ ఆజ్ఞ ఏమి చేస్తుందో నాకు తెలియడానికి. వ్యాఖ్యలను యంత్రం పట్టించుకోదు. నేను పట్టించుకుంటాను, అదే వచ్చిన చిక్కు.

2022 చివర పాత కంప్యూటరు మూలపడి కొత్తది కొన్నాను. దానిలో గిట్‌ను నేనే స్థాపించుకున్నాను. స్థాపించేటప్పుడు అది వరుస చివరలను గూర్చి ఒక ప్రశ్న అడుగుతుంది. మూడు మార్గాలు చూపుతుంది. మొదటిది, తెచ్చుకునేటప్పుడు విండోస్ పద్ధతిలోకి మార్చు, పంపేటప్పుడు యూనిక్స్ పద్ధతిలోకి మార్చు అన్నది. అది తానే ఎంచి ఉంచుతుంది. రెండవది, పంపేటప్పుడు మాత్రమే మార్చు. మూడవది, ఉన్నది ఉన్నట్లు తెచ్చుకో, ఉన్నది ఉన్నట్లు పంపు. నేను మూడవదాన్ని ఎంచుకున్నాను. దీనికి నా చదువే కారణం. పూర్వం లేఖకులు గ్రంథం చివర, చూచినది చూచినట్లు వ్రాశాను, దోషముంటే నాది కాదు అని చెప్పుకునేవారు. యథాతథం అనే మాట కనబడితే పండితుడి చేయి దానంతట అదే అటు పోతుంది.

2023లో, ఉగాదికి నాలుగు రోజుల ముందు, శిష్యుడి వ్యాఖ్యలు చదువుతుంటే అందులో అక్షరదోషాలు కంటబడ్డాయి. శీర్షికను శీర్శిక అని వ్రాశాడు. నిలువ, నిల్వ రెండూ రెండు చోట్ల వాడాడు. ఇలాంటివి ఏడు. నేనూరుకోగలనా? పాత ప్రతిని చెడగొట్టకూడదని ఖాళీ నోట్‌ప్యాడ్ పుట తెరిచి, నలభైమూడు వరుసలనూ అందులోకి ఎత్తి, శుద్ధప్రతి సిద్ధం చేసి, పాత పేరుతోనే భద్రపరిచి, 'వ్యాఖ్యలలో అక్షరదోషాల సవరణ' అని శీర్షిక పెట్టి పంపాను. పంపేముందు ఏమి మారిందో చూసుకునే వసతి ఉంది. చూడలేదు. తాను దిద్దినదాన్ని మళ్ళీ ఎవరు దిద్దుతారు!

ఆ ఉగాది నుంచి రెండు నెలలపాటు మా అక్క ఫోనులో మాటలు చెప్పింది. ఆమెకు డెబ్బైనాలుగేళ్ళు. మోకాలి ఆపరేషను అయి మంచం మీద ఉంది. పొద్దుపోక నాకు ఫోను చేసి, "ఒరే, ఈ మాట రాశావా?" అని అడిగేది. సగం నా దగ్గర లేనివే. చెరువు తూమును వాళ్ళ ఊళ్ళో మదుం అంటారు. నలభై ఏళ్ళు ఆ మదుం కింద మడి చేసిన మనిషి చెబితే గాని ఆ మాట నా డబ్బాలోకి రాలేదు, చూడండి. అలా అరవయ్యొక్క మాటలు చెప్పింది. ఆమెకు చూపిద్దామని పుటలన్నీ అచ్చుతీయించి, జిరాక్సు కొట్టులో స్పైరల్ బైండింగు చేయించి, వైశాఖంలో స్వయంగా పట్టుకెళ్ళాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుని మకారం పుటలు తీసింది. వేలు పెట్టి పై నుంచి కిందికి చదివింది. మళ్ళీ చదివింది. "మదుం లేదేమిరా?" అంది. నేను తీసుకుని చూశాను. లేదు. ఆమె చెప్పిన మిగతా మాటల కోసం వెతికాను. అరవయ్యొక్కటిలో ఒక్కటీ లేదు. "పోనీలే, అవి పుస్తకంలో వేసే మాటలు కావనుకున్నావేమో" అంది. నవ్వుతూనే అంది. ముప్పై ఏళ్ళ క్రితం నేను ఎర్రసిరాతో కొట్టిన పిల్లలు ఆ మాట నోరు తెరిచి అనలేదు గాని, వాళ్ళు కూడా సరిగ్గా అదే అనుకుని ఉంటారు.

బస్సు దిగకముందే శిష్యుడికి ఫోను చేశాను. నా కంప్యూటరులో మాటలన్నీ ఉన్నాయి, గిట్‌లోనూ ఉన్నాయి. లేనిది అతడి యంత్రం కట్టిన పుటల్లోనే. కాబట్టి తప్పు ఎవరిదో నాకు స్పష్టంగా తెలిసిపోయింది. "రెండు నెలలుగా నీ యంత్రం పాత పాఠమే వల్లెవేస్తోంది. నువ్వు చూసుకోవడం మానేశావు. శ్రద్ధ లేనప్పుడు ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నావు? మా అక్క ముందు నన్ను తలదించుకునేలా చేశావు" అన్నాను. బస్సులో నలుగురూ తిరిగి చూసేంత గట్టిగానే అన్నాను. అతడు కాసేపు ఏమీ అనలేదు. "ఊళ్ళో లేనండి. రెండు రోజుల్లో వెళ్ళి చూస్తాను మాస్టారూ" అని మాత్రం అన్నాడు. నేను మంచిదని కూడా అనకుండా పెట్టేశాను.

రెండు రోజులు ఆగే ఓపిక లేక ఆ రాత్రి నేనే ఆ అద్దె యంత్రంలోకి వెళ్ళాను. దారి అతడే ఎప్పుడో నేర్పి ఉన్నాడు. అతడి అశ్రద్ధకు సాక్ష్యం పట్టుకోవాలన్నది నా ఉద్దేశం, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గిట్‌లో 'బ్లేమ్' అని ఒక ఆజ్ఞ ఉంది. అక్షరాలా నింద అనే అర్థం. ఒక ఫైలు పేరు చెప్పి ఆ ఆజ్ఞ ఇస్తే, అందులో ఒక్కొక్క వరుసనూ చివరిసారి ముట్టుకున్నది ఎవరో, ఏ రోజునో ఎదురుగా వ్రాసి చూపుతుంది. స్క్రిప్టు మీద ఆ ఆజ్ఞ ప్రయోగించాను. నలభైమూడు వరుసలకూ నలభైమూడు సార్లు నా పేరే వచ్చింది. తేదీ ఉగాదికి నాలుగు రోజుల ముందుది.

నేను ముట్టుకున్నది ఏడు వరుసలు. ముప్పైయారు వరుసలు అతడు వ్రాసినవి వ్రాసినట్లే ఉన్నాయి. ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టి చదివినా ఒక్క అక్షరం తేడా కనబడలేదు. ముప్పైనాలుగేళ్ళు అచ్చుతప్పులు పట్టిన కళ్ళు ఇవి. అయినా గిట్ మాత్రం పాత వరుసలన్నీ పోయాయని, కొత్త వరుసలన్నీ నేను వ్రాశానని అంటుంది.

సరే, స్క్రిప్టునే నేరుగా పేరు పెట్టి పిలిచి చూశాను. 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంది. దుబాసీ చెడ్డవాడట! మొదటి వరుసలో ఉండే పేరుగల దుబాసీ ఈ యంత్రంలో ఎవరూ లేరట. ఆ పేరు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉండే షెల్ పేరే. తరువాత రాత్రిపూట యంత్రం పిలిచే పద్ధతిలో, షెల్‌కే చెప్పి దీన్ని చదివించాను. ఈసారి మధ్యమధ్య ఖాళీ వరుసలున్న చోటల్లా ఒక ఫిర్యాదు వచ్చింది: కోలన్‌తో మొదలై, 'నాట్ ఫౌండ్' అని, వెనుక ఏవో రెండు మూడు గుర్తులు తోకలా తగులుకుని. ఏది దొరకలేదో చెప్పకుండా దొరకలేదంటుంది. కర్తృపదం లేని వాక్యం. పిల్లవాడు ఇలా వ్రాస్తే సున్నా వేసి ఉండేవాణ్ణి. అది అసంపూర్ణ వాక్యం కాదని, తన తలను తానే మింగిన వాక్యమని తరువాత తెలిసింది.

ఆ ఫోల్డరులో ఏమేమి ఉన్నాయో చూపమని 'ఎల్‌ఎస్' ఆజ్ఞ ఇచ్చాను. అక్కడ దొరికింది కిటుకు. 'వరుస' అనే ఫైలు ఒకటి కాదు, రెండు ఉన్నాయి. ఒకటి మామూలుగా ఉంది. రెండవదాని పేరు చుట్టూ ఒంటికొమ్ముల కొటేషన్ గుర్తులు, చివర డాలరు గుర్తు, ఒక వాలుగీత, ఆర్ అనే అక్షరం. 2016 తరువాత వచ్చిన ఎల్‌ఎస్ ఇలా చూపుతుంది; అంతకు ముందుదైతే ఆ చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకునేది. మొదటి ఫైలు తేదీ ఉగాదికి ముందుది. రెండవది ఆ ముందు రాత్రి వ్రాసినది. తెరిచాను. అక్క మాటలన్నీ అందులో ఉన్నాయి. అరవయ్యొక్కటీ. అకారాది క్రమంలో, మదుం సైతం తన చోటులో.

స్క్రిప్టులోని కానరాని అక్షరాలను కూడా చూపించమని 'క్యాట్' ఆజ్ఞకు పెద్ద 'ఏ' చేర్చి ఇచ్చాను. ప్రతి వరుస చివరా టోపీ పెట్టుకున్న 'ఎం' ఒకటి, దాని వెనుక డాలరు గుర్తు. డాలరు వరుస ముగింపు. టోపీ పెట్టుకున్న ఎం క్యారేజ్ రిటర్న్. యంత్రాల అక్షరమాలలో దాని సంఖ్య 13, ఇంగ్లీషు వర్ణమాలలో ఎం పదమూడవది, అందుకని ఆ గుర్తు.

దీని వంశచరిత్ర కొంత చెప్పక తప్పదు. మా బడి గుమాస్తా గదిలో ఒక టైపుమిషను ఉండేది. వరుస అయిపోగానే గంట మోగేది. ఎడమ పక్కనున్న మీటను నెడితే బండి వెనక్కి వచ్చేది, కాగితం ఒక వరుస పైకి జరిగేది. ఒక్క తోపుతో రెండు పనులు. తంతి మీద నడిచే టెలీటైపుల్లో అవి రెండు వేరువేరు సంకేతాలు. బండి వెనక్కి రావడం క్యారేజ్ రిటర్న్, 13. కాగితం జరగడం లైన్ ఫీడ్, 10. 1963లో వచ్చిన టెలీటైప్ మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు కొట్టేది. బండి కుడి చివర నుంచి ఎడమకు రావడానికి ఒక అక్షరం కొట్టే వ్యవధి చాలదు. అందుకని ముందు 13 పంపి, ఆ వెనుక 10 పంపితే, కాగితం జరిగేలోగా బండి కూడా చేరుకునేది. యూనిక్స్‌వారు ఫైలులో 10 ఒక్కటి చాలునన్నారు. సీపీఎం, దాని వెనుక డాస్, దాని వెనుక విండోస్ రెండూ ఉండాలన్నాయి. పాత మ్యాకింటోషులు 13 ఒక్కటే వాడేవి. బండి పోయింది, కాగితం పోయింది, వెనక్కి రమ్మనే ఆజ్ఞ మాత్రం ఫైళ్ళలో మిగిలిపోయింది.

మీలో పాతవారికి గుర్తుండే ఉంటుంది. 2018కి ముందు నోట్‌ప్యాడ్‌లో యూనిక్స్ ఫైలు తెరిస్తే అంతా ఒకే వరుసగా, గద్యమో దండకమో తెలియకుండా కనబడేది. ఆ ఏడు నుంచి నోట్‌ప్యాడ్ 10 ఒక్కటే ఉన్నా అర్థం చేసుకుంటోంది, పాత ఫైలును దిద్దితే దాని పద్ధతిని అలాగే నిలుపుతోంది. నా మాటల ఫైలుకు ఏ హానీ జరగకపోవడానికి కారణం అదే. ఖాళీ పుటలో మొదలుపెట్టినదానికి మాత్రం తన అలవాటు ప్రకారం 13, 10 రెండూ వేస్తుంది. నేను శుద్ధప్రతి అనుకుని ఖాళీ పుట తెరిచాను. ఉన్నది ఉన్నట్లు పంపమని గిట్‌కు ముందే చెప్పి ఉన్నాను. ఈ రెండూ కలిసి నలభైమూడు కానరాని అక్షరాలను తీసుకువెళ్ళి అతడి యంత్రంలో దించాయి.

ఇక అక్కడ జరిగినది చూడండి. మాటలను పేర్చి 'వరుస' అనే ఫైలులో వ్రాయి అన్నది ఆజ్ఞ. షెల్‌కు వరుస ముగింపు 10 మాత్రమే. దాని ముందున్న 13 దాని దృష్టిలో పేరులో ఒక అక్షరం. కాబట్టి 'వరుస' తరువాత 13 చేరిన పేరుతో కొత్త ఫైలు పుట్టించి, మాటలన్నీ బుద్ధిగా అందులో వ్రాసింది. ఏ లోపమూ లేదు, అందుకే ఏ ఫిర్యాదూ లేదు. పుటలు కట్టే ప్రోగ్రాము అసలు 'వరుస'ను తెరిచింది; అందులో ఉగాదికి ముందు పాఠమే ఉంది. నిల్వ నకలు పెట్టే ఫోల్డరుకు కూడా ఇలాగే ఒక కవల పుట్టి ఉంది. దుబాసీ పేరు చివర 13 ఉంది గనుక ఆ దుబాసీ దొరకలేదు. ఖాళీ వరుసలో 13 ఒక్కటే ఉంటే, ఆ పేరుగల ఆజ్ఞ ఏదని వెతికింది. దొరకలేదని చెప్పబోతూ దాని పేరు పలికింది. పలకగానే తెరమీది గుర్తు వరుస మొదటికి వెళ్ళిపోయి, మిగిలిన మాటలు ముందు మాటల మీదనే పడ్డాయి. తలను మింగిన వాక్యం కథ ఇదీ. అరవై ఏళ్ళనాటి బండి ఆ రాత్రి నా కళ్ళముందు ఒక్కసారి వెనక్కి వచ్చింది.

వ్యాకరణం చదువుకున్నవాణ్ణి, పోలిక తోచకుండా ఉండదు. ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తోసి దాని చోట కూర్చుంటుందని, ఆగమం మిత్రుడిలా పక్కన వచ్చి నిలబడుతుందని మాకు చెప్పేవారు. ఈ 13 ఆగమమే. దేన్నీ తోసివేయలేదు, వరుస పక్కన వచ్చి నిలబడింది అంతే. మిత్రుడని ఎలా అనడం! అరసున్నతో పోల్చుదామా అంటే అది దీనికి సరిగ్గా తలక్రిందులు. అరసున్న కంటికి కనబడుతుంది, నోట పలకదు. ఇది కంటికి కనబడదు, యంత్రం మాత్రం పలుకుతుంది.

ఆ కోపంలో కానరాని అక్షరాలన్నిటినీ మాటల ఫైలులోంచి కూడా ఊడ్చివేద్దామని కూర్చున్నాను. సగంలో చేయి ఆగింది, అదృష్టం. తెలుగులో సాఫ్ట్‌వేర్ అని వ్రాసేటప్పుడు టకార పొల్లుకూ వేకూ నడుమ ఒక కానరాని అక్షరం పెడతాం, అది లేకపోతే రెండూ కలిసి వకారం వత్తుగా కిందికి దిగిపోతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అని దాని పేరు. దాన్ని కూడా ఊడ్చి ఉంటే ఎన్ని మాటలు విరూపమై ఉండేవో. కాబట్టి స్క్రిప్టు వరకే పరిమితమయ్యాను.

మరమ్మతు చిన్నదే. గిట్‌లో చుక్కతో మొదలయ్యే 'గిట్ ఆట్రిబ్యూట్స్' అనే ఒక ఫైలు పెట్టవచ్చు. అందులో ఒక్క వరుస వ్రాశాను: నక్షత్రం, చుక్క, ఎస్‌హెచ్, కొంత ఎడం, టెక్స్ట్, కొంత ఎడం, ఇఓఎల్ సమానం ఎల్‌ఎఫ్. షెల్ స్క్రిప్టులన్నీ పాఠ్యమే, వాటి వరుసల చివర ఎవరి యంత్రంలోనైనా 10 ఒక్కటే ఉండాలి అని తాత్పర్యం. ఈ ఫైలు పాఠంతోపాటే ప్రయాణిస్తుంది. స్థాపించేటప్పుడు నాలాంటివాడు ఏ మార్గం ఎంచుకున్నా దీని మాటే చెల్లుతుంది. తరువాత 'గిట్ యాడ్'కు 'రీనార్మలైజ్' చేర్చి ఇస్తే, 2018 తరువాతి గిట్‌లు అప్పటికే లోపలికి పోయిన 13లను తీసివేస్తాయి. నా డిస్కు మీది ప్రతిని చెరిపి మళ్ళీ తెచ్చుకున్నాను. విండోస్ బ్యాచ్ ఫైళ్ళు ఉన్నవారు మాత్రం వాటికి రెండూ ఉండేలా వేరే వరుస వ్రాసుకోవాలి సుమా. కవల ఫైలును తీసివేసేముందు అందులోని మాటలను అసలుదానిలో ఉన్నవాటితో ఒకటికి రెండుసార్లు సరిచూశాను.

ఫోను చేయడమే కష్టమైంది. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది వరకు ఏదో ఒక వంకతో వాయిదా వేశాను. చివరకు చేసి, జరిగినది జరిగినట్లు చెప్పి, "తప్పు నాది నాయనా. బస్సులో అన్న మాటలు అనవలసినవి కావు" అన్నాను. "అయ్యో, అలా అనకండి మాస్టారూ. ఆ ఆట్రిబ్యూట్స్ వరుస మొదటిరోజే నేను పెట్టి ఉండాల్సిందండి. మీది విండోస్ అని తెలిసి కూడా పెట్టలేదు" అన్నాడు. అది నా తప్పును తేలిక చేయడానికి అన్న మాట అని నాకు తెలుసు. నిజం కూడా అందులో కొంత ఉందనుకోండి. కానీ నేను బస్సులో అన్నది దాన్ని గూర్చి కాదు గదా.

ఒక విషయం మాత్రం నన్ను బాధిస్తూనే ఉంది. 13లను తీసివేసినది కూడా నేనే గనుక, బ్లేమ్‌లో నలభైమూడు వరుసలూ మళ్ళీ నా పేరనే వస్తున్నాయి. అతడు వ్రాసిన పనికి నేను కర్తనై కూర్చున్నాను. ఆ మాట చెబితే నవ్వి, "ఆజ్ఞలో చిన్న డబ్ల్యూ చేర్చి చూడండి మాస్టారూ. ఖాళీల తేడాలు లెక్కచేయవద్దని దాని అర్థం. 13 కూడా వాటి లెక్కలోనే పోతుంది" అన్నాడు. చేర్చాను. ముప్పైయారు వరుసలు అతడి పేరుకు తిరిగి వెళ్ళిపోయాయి. ఏడు నా పేర మిగిలాయి.

ఆ ఏడింటినీ మళ్ళీ చదివాను. ఆరు నిజమైన అక్షరదోషాలే. ఏడవ వ్యాఖ్యలో అతడు 'పాత జాబితా ఒగ్గేసి కొత్తది రాయాలి' అని వ్రాస్తే, నేను 'ఒగ్గేసి'ని తీసివేసి 'విడిచిపెట్టి' అని దిద్ది ఉన్నాను. నా డబ్బాలో ఉన్న మాట. అకారాది క్రమంలో ఆ స్క్రిప్టే ప్రతి రాత్రీ పేర్చే మాట. అతడు చూసి ఉంటాడు, చూసి ఏమీ అనలేదు.

ఆ పూటే దాన్ని తిరిగి 'ఒగ్గేసి' చేసి పంపాను. ఈసారి పంపేముందు ఏమి మారిందో చూసుకున్నాను. ఒక్క వరుస.

ఆదివారం కొత్త అచ్చు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. మదుం చూసుకుంది. "ఇంకో ఇరవై జ్ఞాపకమొచ్చాయి, రాసుకో" అంది.